మన కాలేయం – కాల్షియం మోసే కబురు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంకాలం సైన్సు విషయం ఒకటి అందరికీ తెలిసే మాటల్లో చెప్పవలసిందిగా కార్యదర్శి గారు కోరినారు. మేము కళాశాలలో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పినవాళ్లం. క్లాసులో అయితే బోర్డు, సుద్దముక్క ఉంటాయి. పిల్లలు లేచిపోకుండా హాజరు పట్టీ ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు. పైగా సభ ముగిశాక బిరియాని సిద్ధంగా ఉన్నదని వాసనే చెబుతున్నది. కనుక ఆకలి మీద ఉన్నవాళ్లకు ఆకలి గురించే చెబుదామని నిర్ణయించుకున్నాము. ఆకలివేళ మన ఒంటిలో ఒక అవయవం ఇంకొక అవయవానికి ఎట్లా కబురు పంపుతుంది, ఆ కబురు కాలేయపు జీవకణం తలుపు ఎట్లా తడుతుంది అన్నదే నేటి విషయం.

ముందుగా ఒక సంగతి మనవి చేసుకోవాలి. అది చెప్పకుండా పాఠం మొదలుపెట్టడానికి మనసొప్పడం లేదు.

2018వ సంవత్సరంలో రంజాన్ నెల సరిగ్గా ఎండల నడుమ వచ్చింది. మే నడిమిలో మొదలై జూన్ నడిమి దాకా నడిచింది. చిత్తూరు, తిరుపతి ఎండల గురించి మీకు మేము చెప్పేదేముంది! సహరీ ముగించింది మొదలు మగ్రిబ్ అజాన్ దాకా సుమారు 14 గంటలు నీటి చుక్క లేకుండా ఉండాలి. ఆ నెలంతా మసీదులో మా పక్కనే కూర్చొని ఇఫ్తార్ చేసే పెద్దాయన ఒకరుండేవారు. అందరమూ చాచా అని పిలిచేవాళ్లం. 70కి దగ్గర పడిన మనిషి. చక్కెర జబ్బుకు మాత్రలు వాడుతున్నారు. ఒక్క రోజా కూడా వదలరు.

మూడో రోజా సాయంత్రం ఖర్జూరం పట్టుకున్న ఆయన చెయ్యి వణకడం చూసినాము. "ఎండ దెబ్బ కొట్టినట్టుంది చాచా" అన్నాము. "అదేం లేదు బేటా, ఇఫ్తార్ అయితే సర్దుకుంటుంది" అన్నారు. నిజంగానే సర్దుకున్నది. రెండు దినాలకు మళ్లీ వణుకు, ఒళ్లంతా చెమట. మళ్లీ సర్దుకున్నది. ఆ తరువాత ఒకనాడు చీటికి మాటికి అందరినీ విసుక్కున్నారు. ఆయన స్వభావం అది కాదు. తొమ్మిదో రోజా నాడు అసర్ నమాజుకు వజూ చేసుకుంటూ ఉన్నట్టుండి మాట తడబడి, గట్టు మీదినుంచి పక్కకు ఒరిగిపోయినారు. తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది, అల్‌హమ్దులిల్లాహ్. అయితే ఆనాటినుంచి ఆయన నమాజు కుర్చీ మీదనే.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, ఆ తొమ్మిది దినాలూ ఆయన పక్కన కూర్చున్నది మేమే. వణికే చెయ్యి చూసినదీ మేమే. క్లాసులో ఎన్నో ఏళ్లు చెప్పిన పాఠం కళ్ల ఎదుట నడుస్తుంటే గుర్తుపట్టలేకపోయినాము. ఆనాడు మసీదులో చెప్పవలసిన పాఠం ఇది. ఆలస్యంగానైనా ఈనాడు చెబుతున్నాము.

మన ఇండ్లలో కలేజీ అంటాము, అంగడిలో కార్జం అంటారు, పుస్తకంలో కాలేయం అంటారు. యునానీ హకీములు గుండె, మెదడు, కాలేయం ఈ మూడింటినీ దేహంలో రయీసులని ఎంచినారు. రయీసు అన్న మాట కాలేయానికి బాగా తగును. పెద్దవాళ్లలో కిలోన్నర దాకా తూగే ఈ అవయవం అన్నం తిన్న వేళ వచ్చిన చక్కెరను గ్లైకోజెన్ అనే పిండి పదార్థంగా మార్చి దాచిపెడుతుంది. సుమారు 100 గ్రాముల దాకా దాచగలదు. సహరీలో తిన్నది జీర్ణమై అయిపోయిన తరువాత, మధ్యాహ్నం మొదలు ఇఫ్తార్ దాకా మన మెదడుకు చక్కెర అందించేది ముఖ్యంగా ఈ గాదెయే. గాదెలో నిల్వ తరుగుతున్న కొద్దీ కాలేయం వేరే సరుకుల నుంచి కొత్తగా చక్కెర తయారుచేసి కూడా పంపుతుంది.

మరి గాదె తలుపు ఎప్పుడు తెరవాలో కాలేయానికి ఎవరు చెబుతారు? రక్తంలో చక్కెర తగ్గగానే క్లోమం గ్లూకగాన్ అనే హార్మోనును వదులుతుంది. ఇది ముఖ్యమైన కబురు. చక్కెర మరీ తగ్గితే మూత్రపిండాల పైనుండే గ్రంథులు ఎడ్రినలిన్ వదులుతాయి. దాహం ముదిరితే మెదడు అడుగునుండి వాసోప్రెసిన్ అనే హార్మోను వస్తుంది. నీరు పొదుపు చేయమని మూత్రపిండాలకు చెప్పడం దాని ప్రధానమైన పని, పోతూ పోతూ కాలేయం తలుపు కూడా తడుతుంది. అన్నీ రక్తంలోనే ప్రయాణం చేసి కాలేయాన్ని చేరుతాయి.

విచిత్రం ఏమంటే ఈ హార్మోన్లు జీవకణం లోపలికి పోయి పని చేయవు. కణం పైపొరలో రిసెప్టర్లు అనే గ్రాహకాలున్నాయి. ఎడ్రినలిన్‌కు దాని గ్రాహకం, వాసోప్రెసిన్‌కు దాని గ్రాహకం, గ్లూకగాన్‌కు దాని గ్రాహకం. వచ్చిన హార్మోను గుమ్మంలోనే నిలబడి తలుపు తడుతుంది. లోపలివాళ్లకు కబురు మోసేది వేరొకరు. గ్లూకగాన్ కబురు మోసే వస్తువు సైక్లిక్ ఎ.ఎం.పి. అని 1950లలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్ల్ సదర్లాండ్ కాలేయం మీదనే పరిశోధించి కనిపెట్టినారు. 1971లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎడ్రినలిన్‌కు ఒక రకం గ్రాహకం ఉన్నది, దాన్ని ఆల్ఫా రకం అంటారు. దాని ద్వారా తట్టినప్పుడు, అట్లాగే వాసోప్రెసిన్ తట్టినప్పుడు, కబురు మోసేది కాల్షియం. కాల్షియం అంటే మనం తమలపాకు మీద రాసుకునే సున్నంలో ఉండే మూలకమే.

కాల్షియం ఎముకకే గాని కణానికేం పని అని పూర్వం అనుకునేవారు. 1883లో లండనులో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెను బయటికి తీసి ఉప్పునీటిలో కొట్టుకునేటట్టు చేస్తుండేవాడు. ఆ ఉప్పునీరు బట్టీ పట్టిన నీటితో గాక కుళాయి నీటితో కలిపినదని తరువాత తెలిసింది. శుద్ధమైన నీరు వాడితే గుండె ఆగిపోయింది. కుళాయి నీటితో కొట్టుకుంది. తేడా ఏమిటని వెదికితే కుళాయి నీటిలోని సున్నపు అంశం, అంటే కాల్షియం. ఇప్పుడు ఆసుపత్రిలో చేయికి ఎక్కించే రింగర్ లాక్టేట్ సీసా మీద ఉన్న పేరు ఆ డాక్టరుదే. ఆ సీసాలో నేటికీ కాల్షియం ఉంటుంది.

కాలేయపు కణం బయట రక్తరసంలో ఎంత స్వేచ్ఛా కాల్షియం ఉన్నదో, కణం లోపలి ద్రవంలో దానిలో సుమారు పదివేల వంతుల్లో ఒక వంతే ఉంటుంది. కణం రాత్రింబగళ్లు పంపులు పెట్టి దాన్ని బయటికి తోడుతూనే ఉంటుంది, మిగిలినది లోపలి సంచుల్లో పెట్టి మూస్తుంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటేనే గదా గుమ్మంలో చిన్న చప్పుడైనా వినిపించేది! హార్మోను వచ్చి గ్రాహకం మీద వాలగానే కణం పొరలోనుంచి ఐ.పి.త్రీ అనే చిన్న పదార్థం పుడుతుంది. అది లోపలికి పోయి సంచి మూత తీస్తుంది. కాల్షియం ఒక్క క్షణం బయటపడి గ్లైకోజెన్‌ను విడగొట్టే ఎంజైములను లేపుతుంది. చక్కెర రక్తంలోకి పోతుంది. పంపులు మళ్లీ కాల్షియాన్ని తోడేసి సంచిలో వేస్తాయి. ఐ.పి.త్రీ ఈ మూత తీస్తుందని 1983లో మైకేల్ బెర్రిడ్జ్, ఆయన సహచరులు క్లోమపు కణాల్లో చూపినారు. వెంటనే కాలేయపు కణాల్లోనూ అదే కనిపించింది.

ఇక్కడ మన తెలుగువాడిని తలచుకోవాలి. ఐ.పి.త్రీ పేరులోని మూడు అంటే మూడు ఫాస్ఫేట్లు. జీవ పదార్థంలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలిచే సులువైన పద్ధతిని 1925లో ఫిస్కే గారితో కలిసి ప్రకటించినది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కాల్షియం పంపులు నడవడానికి ఖర్చయ్యే ఇంధనం ఎ.టి.పి.; దాన్ని 1929లో వెలుగులోకి తెచ్చినవారిలో ఆయన ఒకరు. బీద ఇంటినుంచి, దాతల సాయంతో సముద్రం దాటిపోయిన మనిషి. స్కాలర్‌షిప్పుల పద్దు చదివేటప్పుడు మన సంఘం వారు ఈ ఒక్క సంగతి జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా మనవి.

సరే, ఇదంతా కణం లోపల జరుగుతుందని ఎట్లా తెలిసింది? కాలేయం పొట్టలో, పక్కటెముకల చాటున ఉంటుంది. కణమేమో కంటికి కనిపించదు. అందుకే కణాలను బయటికి తీసి గాజు పళ్లెంలో బతికించడం నేర్చుకున్నారు. 1969లో బెర్రీ, ఫ్రెండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుక కాలేయంలోకి కొల్లాజినేజ్ అనే ఎంజైము పారించి, కణాలను చంపకుండా విడదీసే మార్గం చూపినారు. తరువాత వచ్చిన పద్ధతిలో ముందు కాల్షియం లేని ద్రావణం పారిస్తారు. ఎందుకంటే కణాన్ని కణానికి అతికించి పెట్టేది కూడా కొంతవరకు కాల్షియమే. గోడకు సున్నం ఎట్లాగో అట్లా! అది పోగానే అతుకు వదులవుతుంది. అప్పుడు ఎంజైము పారిస్తే ఇటుకలు ఊడినట్టు కణాలు విడివిడిగా వస్తాయి. వాటిని కడిగి, పళ్లెంలో పరచి, మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర, ఆహారం కలిపిన ద్రవంలో ఉంచుతారు. కొన్ని గంటల్లో అవి పళ్లేనికి అంటుకొని, పక్కవాటితో మళ్లీ చేతులు కలుపుతాయి.

పళ్లెంలో పెట్టిన కణం ఇంట్లో ఉన్నట్టే ఉండదు. ఎలుక కాలేయపు కణాల్లో ఎడ్రినలిన్‌కు ఆల్ఫా రకం గ్రాహకాలు ప్రధానంగా ఉంటాయి, అంటే కాల్షియం దారి. అదే కణాన్ని పళ్లెంలో ఒకటి రెండు దినాలు ఉంచితే ఆల్ఫా దారి బలం తగ్గి, బీటా రకం గ్రాహకాలు పెరుగుతాయి, అంటే సైక్లిక్ ఎ.ఎం.పి. దారి. హార్మోను అదే, కణం అదే. వినే చెవి మారింది. పొట్టకూటికి ఊరు వదిలి పోయిన మన పిల్లలు కొన్నాళ్లకు వేరే యాసలో మాట్లాడడం లేదా? అందుకే పళ్లెంలో చూసినది మనిషిలో అట్లాగే జరుగుతుందని చటుక్కున అనకూడదని ఈ శాస్త్రం వాళ్లే హెచ్చరిస్తారు.

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దాము. మొదట్లో లక్షల కణాలను ఒక్కచోట చేర్చి కాల్షియం కొలిచేవారు. హార్మోను పోస్తే కాల్షియం పెరిగి నిలబడినట్టు కనిపించేది. అది ఈ సభలో అందరమూ ఒక్కసారిగా మాట్లాడితే వచ్చే రొద వంటిది. ఎవరేమన్నారో తెలియదు. 1986లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పీటర్ కాబాల్డ్ బృందం ఒక్కొక్క కణాన్ని వేరుగా విన్నది. దానికి సాయపడినది సముద్రపు జెల్లీ చేప. దానిలో ఏక్వోరిన్ అనే ప్రోటీన్ ఉన్నది. కాల్షియం తగిలితే నీలంగా వెలుగుతుంది. జపాను శాస్త్రజ్ఞుడు ఒసాము షిమొమురా 1962లో దాన్ని వేరుచేసినారు. ఆ ఏక్వోరిన్‌ను ఎలుక కాలేయపు కణం ఒక్కదానిలోకి సూదితో ఎక్కించి, చీకటిలో దాని వెలుగు లెక్కపెట్టినారు.

చూస్తే ఏమి కనిపించింది? కాల్షియం పెరిగి నిలబడలేదు. చటుక్కున లేచి, కొన్ని సెకన్లలో పడిపోయింది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. గడియారం గంట కొట్టినట్టు. హార్మోను మోతాదు పెంచితే ఆ లేవడం మరింత ఎత్తుకు పోలేదు; మరింత తొందర తొందరగా లేచింది. తక్కువ మోతాదులో నిమిషాలకొకసారి కొట్టిన గంట, ఎక్కువ మోతాదులో నిమిషానికి ఒకటికన్నా ఎక్కువసార్లు కొట్టింది. కబురు ఎంత ముఖ్యమైనదో చప్పుడు పెద్దదనాన్ని బట్టి కాదు, ఎన్నిసార్లు వచ్చిందన్నదాన్ని బట్టి కణం తెలుసుకుంటున్నది.

రంజాన్‌లో సహరీ వేళ వీధి వీధి తిరిగి లేపే ఫకీరు సాహెబును మీలో పెద్దవాళ్లు ఎరుగుదురు. ఆయన తలుపు పగిలేటట్టు కొట్టడు. మెల్లగానే తడతాడు, కాస్త ఆగుతాడు, మళ్లీ తడతాడు. వేళ మించిపోతున్న కొద్దీ ఆగడం తగ్గుతుంది, తట్టడం ఎక్కువవుతుంది. మన కాలేయంలో జరిగేది సరిగ్గా అదే. ఇంకొక పోలిక కూడా ఉన్నది. ఒక ఇంట్లో దీపం వెలిగితే పక్కింటివాళ్లు లేస్తారు. కాలేయంలోనూ కణానికీ కణానికీ మధ్య సన్నని సందులున్నాయి. ఒక కణంలో లేచిన కాల్షియం కెరటం పక్క కణానికి, అక్కడినుంచి ఇంకో కణానికి వీధి పొడుగునా సాగిపోతుందని 1990లలో కాలేయాన్ని ముక్కలు చేయకుండానే చూసినారు.

కణం ఒక్కసారి గట్టిగా ఎందుకు కొట్టించుకోదు? ఎందుకంటే కాల్షియం కబురు మోసేంతసేపే మిత్రుడు. దిగకుండా పైనే నిలబడితే ఇంధనం తయారుచేసే మైటోకాండ్రియాలు పాడవుతాయి, కణమే చచ్చిపోతుంది. కనుక దేవుడు చేసిన ఏర్పాటు చూడండి: చిన్న తట్టు, వెంటనే నిశ్శబ్దం, మళ్లీ చిన్న తట్టు. వినే చెవి ఉన్నవాడికి అది చాలును.

ఇక్కడ అక్కలు ఎవరైనా అడగవచ్చు: అయితే పాలు తాగితే, ఆకు సున్నం తింటే ఈ గంటలు ఎక్కువవుతాయా అని. కావు. రక్తంలోని కాల్షియాన్ని మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు, ఎముకలు, మూత్రపిండాలు కలిసి ఒకే మట్టంలో ఉంచుతాయి. పాలు మానవద్దు. వక్క, పొగాకు మాత్రం తప్పక మానండి, ఆ కారణం వేరు.

ఇప్పుడు చాచా చెయ్యి ఎందుకు వణికిందో చెప్పగలము. ఆయన వాడిన మాత్రల్లో ఒక రకం, కడుపు ఖాళీగా ఉన్నా లేకున్నా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ రప్పిస్తుంది. ఇన్సులిన్ కాలేయం గాదె తలుపును మూసి పట్టుకుంటుంది. ఒకపక్క 14 గంటల ఉపవాసం, ఇంకోపక్క మూసిన తలుపు. చక్కెర దిగిపోయింది. అప్పుడు ఒళ్లు ఎడ్రినలిన్‌ను పంపింది, తలుపు తియ్యమని. ఆ ఎడ్రినలిన్ కాలేయం ఒక్కదానికే పోదు గదా! చేతికీ పోతుంది, వణుకు. చెమట గ్రంథులు కదులుతాయి, చెమట. గుండెకు పోతుంది, దడ. అంటే ఆయన చెయ్యి వణికినప్పుడల్లా లోపల కాలేయం తలుపు తట్టుతున్నదన్నమాట. మూడో రోజా నాడు తట్టింది. ఐదో రోజా నాడు తట్టింది. విసుక్కున్ననాడు మెదడుకే చక్కెర చాలలేదు. తొమ్మిదో నాడు పడిపోయినారు. కాలేయపు కణం నిమిషాల్లో లెక్కపెట్టే తట్టును మనం తొమ్మిది దినాలు చూసి కూడా లెక్కపెట్టలేదు.

అందుకని ఈ సభాముఖంగా కొన్ని మనవులు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు రంజాన్‌కు ఆరేడు వారాల ముందే డాక్టరును కలిసి, రోజా ఉండవచ్చునా, మందు వేళలు, మోతాదు ఎట్లా మార్చాలి అని అడగాలి. తామే మాత్రలు మానడం, తామే పెంచడం రెండూ అపాయమే. వేలినుంచి చుక్క రక్తం తీసి చూసుకుంటే రోజా చెడదని ఉలమాలు చాలామంది చెబుతున్నారు. అది 70కి దిగితే ఇఫ్తార్ పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, ఆ రోజాను అక్కడే విరమించి ఏదైనా తీపి తీసుకోవాలి. రోగికి, ప్రయాణికుడికి వేరే దినాల్లో పూర్తిచేసుకునే వెసులుబాటు ఖురాన్ షరీఫ్ సూరా బఖరాలోనే ఉన్నది. అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును వాడుకోవడం ఈమాన్‌కు తక్కువ కాదు. పక్కన కూర్చున్నవాళ్లు కూడా వణుకు, చెమట, తడబాటు చూస్తే ఎండ అని కొట్టివేయవద్దు.

కాలేయం తలుపు తట్టేవాళ్లలో దొంగలు కూడా ఉన్నారు. హెపటైటిస్ బి వైరస్ అటువంటిది. 1970లలో అర్జెంటీనాకు చెందిన 15 ఏళ్ల బాలుడి కాలేయ గడ్డనుంచి తీసిన కణాలు హెప్ జి2 అనే పేరుతో నేటికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. ఆ బిడ్డకు మనమంతా రుణపడి ఉన్నాము. 2001లో న్యూయార్క్‌లో రాబర్ట్ ష్నైడర్ బృందం ఆ కణాల్లో ఒక సంగతి కనిపెట్టింది. ఈ వైరస్ తయారుచేసే ఎక్స్ అనే ప్రోటీన్ కణం కాల్షియాన్ని తన పనికి కదిలించుకుంటుంది. ఆ కదలికను అడ్డుకుంటే వైరస్ పెరుగుదల తగ్గింది. అంటే ఫకీరు సాహెబు గొంతు అనుకరించి తలుపు తీయించుకునే దొంగ. ఈ దొంగ ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండి కాలేయాన్ని గట్టిపరుస్తాడు, కొందరిలో కాన్సర్ దాకా తీసుకుపోతాడు.

దీనికి టీకా ఉన్నది. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వారు, నెల్లూరు జిల్లా వాసి వరప్రసాదరెడ్డి గారి పూనికతో, ఈ టీకాను మన దేశంలోనే జన్యు పద్ధతిలో తయారుచేసి ధర దించినారు. తరువాత ప్రభుత్వం పసిబిడ్డలందరికీ ఉచితంగా వేయడం మొదలుపెట్టింది. 2011 నుంచి దేశమంతటా అమలుకు వచ్చింది. బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి మోతాదు పడాలి. ఆ తరువాత 6, 10, 14 వారాలకు. పెద్దవాళ్లు రక్త పరీక్ష చేయించుకొని, లేనివాళ్లు మూడు మోతాదులు వేయించుకోవచ్చును. ఈ వైరస్ రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు, శుభ్రపరచని సూదులు, కత్తుల ద్వారా వస్తుంది. కనుక ఖత్నాలో ప్రతి బిడ్డకూ కొత్త బ్లేడు వాడవలసిందని పట్టుబట్టండి. గడ్డం గీసే అంగడిలోనూ అంతే. కళ్లు పచ్చబడితే పసరు మందుకు పరుగెత్తే అలవాటు మన జిల్లాల్లో నేటికీ పోలేదు. కామెర్లలో కొన్ని రకాలు వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. తగ్గని రకాల్లో ఆ పోయిన దినాలే ప్రాణం మీదికి తెస్తాయి. ముందు రక్త పరీక్ష, తరువాతనే మందు.

చివరిగా ఒక పేరు చెప్పి ముగిస్తాము. ఆ పేరు మన ఊరి పేరుతోనే మొదలవుతుంది: డాక్టర్ చిత్తూరు మొహమ్మద్ హబీబుల్లా గారు. హైదరాబాదులోని డెక్కన్ వైద్య కళాశాలలో కాలేయ పరిశోధనా కేంద్రాన్ని నడిపినారు. కాలేయం ఒక్కసారిగా చెడి చావు అంచున ఉన్న ఏడుగురు రోగులకు మానవ కాలేయపు కణాలను పొట్టలోకి ఎక్కించి చూసి, ఆ ఫలితాలను 1994లో అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రకటించినారు. రోగులు కొద్దిమందే కాబట్టి ఆ చికిత్స గెలిచిందని అనలేము. కాని పళ్లెంలో బతికే కణం మంచం మీది మనిషికి ఏమైనా సాయపడుతుందా అన్న ప్రశ్నను మన దేశంలో ముందుగా అడిగినవారిలో ఆయన ఉన్నారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. 2010లో కాలం చేసినారు. ఆయన పేరులో మన ఊరు ఉన్నది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా పూర్తి జవాబు కోసం కాచుకొని ఉన్నది.

ఆ జవాబు మన పిల్లలెవరైనా చెప్పకూడదా? తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్నది. 2015లో ఐసర్ వచ్చింది. 2022లో జిల్లాలు విడిపోయినా చిత్తూరుకూ తిరుపతికీ దూరం పెరగలేదు. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివే ఆడపిల్లకు డాక్టరు సీటు రాకపోతే చదువే ముగిసిందని పెండ్లి మాటలు మొదలుపెట్టే ఇండ్లు మనలో ఎన్నో ఉన్నాయి. డాక్టరు కాకపోయినా ప్రయోగశాలలో కూర్చొని కణం మాట వినవచ్చును. వచ్చే ఏడాది స్కాలర్‌షిప్పుల పద్దులో ఎం.ఎస్సీ. చదివే ఒక్క ఆడపిల్లకైనా, ఒక్క మగపిల్లవాడికైనా చోటివ్వవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము. మా వంతుగా ఒక ఏడాది పుస్తకాల ఖర్చు మేము భరిస్తాము. రంజాన్‌కు ముందు మసీదు ఆవరణలో ఒక పూట చక్కెర పరీక్షా శిబిరం పెడితే రక్తం తీసే పనికి తప్ప మిగిలిన అన్ని పనులకూ మేము సిద్ధం.

చాచా గారు ఈనాడు ఈ సభలోనే, ముందు వరుసలో కుర్చీలో ఉన్నారు. ఈ సంగతి చెప్పడానికి ఆయన అనుమతి తీసుకున్నాము. "చెప్పు బేటా, ఇంకొకరు పడకుండా ఉంటే చాలు" అన్నారు. మీ ఇంట్లో, మీ పక్కన, మీ ఒంట్లో మెల్లగా ఎవరైనా తలుపు తడుతున్నారేమో ఈ రాత్రి ఒక్కసారి చెవి ఒగ్గి వినండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, వినే చెవిని ప్రసాదించుగాక. ఆమీన్.

 ఇక బిరియాని చల్లారనివ్వకండి. ఖుదా హాఫిజ్.